‘ఎదిగిన కుక్కకు ఇల్లు కావలెను’ అనే ప్రకటనకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం సంచికలోని చిన్న ప్రకటనల పేజీని చాలా ఏళ్లుగా క్రమం తప్పకుండా చదివేవారిలో నేనూ ఒకదాన్ని. అద్దె ఇళ్లు, పెళ్లి సంబంధాలు, పాత కార్ల మధ్య ‘45 రోజుల మేలుజాతి కుక్కపిల్లలు అమ్మబడును’ అన్న తరహా ప్రకటనలు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది వారాలంటే 56 రోజులు. కనుక 45 రోజుల పిల్లను అమ్ముతానని ప్రకటించడమంటే నియమాన్ని మీరుతున్నానని అచ్చులో చెప్పుకోవడమే. ఈ సంగతి మీ ప్రకటనల విభాగం దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా ముందుగా కోరుతున్నాను. అయితే ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ పిల్లల తల్లుల గురించి రాస్తున్నాను. ఈతలన్నీ అయిపోయాక ఇక దేనికీ పనికిరావని గేటు బయటికి చేరే తల్లుల గురించీ, ముచ్చటపడి కొనుక్కున్న రెండేళ్లకే ఇంటివాళ్లకు బరువైపోయిన కుక్కల గురించీ ఎవరూ ప్రకటన ఇవ్వరు. అలాంటి ఒక టెర్రియర్ జాతి కుక్కను మూడేళ్లకు పైగా మా ఇంట్లో పెంచుతున్నాము. ఆ అనుభవంలో తెలిసినవి మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం.

మాది మల్కాజిగిరి వైపు ఒక పాత ఇల్లు. వెనక చిన్న పెరడు, అందులో ఒక జామచెట్టు, కరివేపాకు మొక్క, నీళ్ల సంపు ఉన్నాయి. నేను బడిలో సైన్సు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను, మా వారు రైల్వేలో చేశారు. 2022 జూన్‌లో ఊరి చివర ఉన్న ఒక జంతు సంరక్షణ కేంద్రానికి పాత దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, మూలనున్న గదిలో గోడకు ఆనుకుని ఒక తెల్లని కుక్క కూర్చుని ఉంది. నుదుటి మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ. తోక కత్తిరించి ఉంది. పిల్లలకు పాలిచ్చి పాలిచ్చి పొదుగు సాగిపోయి ఉంది. దాన్ని జాక్ రస్సెల్ అని ఒకరు, ఫాక్స్ టెర్రియర్ అని మరొకరు అన్నారు. కాగితాలేవీ లేవు కనుక మేము టెర్రియర్ అని మాత్రమే అంటాము. పళ్లు చూసి పశువైద్యులు ఆరేళ్లుంటాయన్నారు. ముందరి కోరపళ్లు రెండూ మొదలంటా అరిగిపోవడం చూపించి, ఇనుప ఊచలు కొరుక్కుంటూ ఏళ్ల తరబడి బోనులో ఉన్న కుక్కలకు ఇలా అరుగుతాయని చెప్పారు. పాదాలు కూడా అదే చెప్పాయి. వేళ్లు విసనకర్రలా విడిపోయి ఉన్నాయి, ఎందుకంటే అది నిలబడింది ఎప్పుడూ వైరు జల్లెడ మీదే.

పైన చెప్పిన నియమాలలోనే ఆడకుక్కను 18 నెలల లోపు జతకట్టించకూడదనీ, ఏడాదికి ఒక ఈత మించకూడదనీ, జీవితకాలంలో ఐదు ఈతలకు మించి ఈనించకూడదనీ, ఎనిమిదేళ్లు నిండిన తర్వాత అసలే ఈనించకూడదనీ ఉంది. తోకలు, చెవులు కత్తిరించడం కూడా నిషేధమే. బొట్టును (ఆ మచ్చను బట్టి మా వారు పెట్టిన పేరు) చూసిన ఎవరికైనా ఈ నియమాలు ఎంతవరకు అమలవుతున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

టెర్రియర్‌ను తెచ్చుకోవాలనుకునేవారు ముందుగా ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే సగం కష్టాలు తప్పుతాయి. లాటిన్‌లో ‘టెర్రా’ అంటే భూమి. నేలలోని బొరియలలోకి దూరి నక్కలను బయటికి తరమడానికీ, ఎలుకలను పట్టడానికీ తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన కుక్కలివి. ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతానికి చెందిన జాన్ రస్సెల్ అనే మతగురువు 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న రోజుల్లో ఒక పాలవాడి దగ్గర ‘ట్రంప్’ అనే తెల్లని ఆడ టెర్రియర్‌ను కొనుక్కున్నాడు. ఈనాడు ఆయన పేరుతో పిలుస్తున్న కుక్కల వంశం దానితోనే మొదలైందని చెబుతారు. ఒళ్లో కూర్చోబెట్టుకునే బొచ్చుకుక్కగా మన నగరాల్లో అమ్ముడుపోతున్న యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ఒకప్పుడు ఆ ప్రాంతపు మిల్లుల్లో ఎలుకలు పట్టిన కుక్కే. అంటే ఎంత చిన్నదైనా, ఎంత ముద్దుగా ఉన్నా, నేలను తవ్వడం, చటుక్కున కదిలిన దాని వెంటపడటం, బొరియలోంచి పైనున్న మనిషికి వినబడేంత గట్టిగా మొరగడం దాని రక్తంలో ఉన్నవి. మనిషే పనిగట్టుకుని నేర్పించి, ఆ పని బాగా చేసిన దాన్నే మళ్లీ మళ్లీ ఎంచుకుని పెంచి, ఇప్పుడు అదే పని మన పూలకుండీలో చేసినందుకు దాన్ని వీధిలో వదిలేయడం న్యాయం కాదు.

దత్తత ఇచ్చేవారు తరచుగా ఒక లెక్క చెబుతారు: కొత్త ఇంటికి వచ్చిన కుక్కకు బెరుకు పోవడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని. మా ఇంట్లో ఆ లెక్క కంటే ఎక్కువే పట్టింది. మొదటి నాలుగు రోజులు బొట్టు దివాన్ కింద నుంచి బయటికి రాలేదు. అన్నం పెట్టగానే వణికేది. ఆకలి లేదేమో అనుకున్నాము. ఐదో రోజున నేను వంటింట్లో మూత జారవిడిస్తే అది గోడకు కరుచుకుపోవడం చూసి అసలు సంగతి అర్థమైంది. దానికి భయం అన్నమంటే కాదు, స్టీలు పళ్లెం చప్పుడంటే. ఆ సాయంత్రమే మట్టి మూకుడులో పెరుగన్నం, ఉడికించిన గుడ్డు కలిపి దివాన్ పక్కన పెట్టి మేము గది దాటి వెళ్లిపోయాము. పది నిమిషాల తర్వాత మూకుడు నాకిన చప్పుడు వినిపించింది. ఇప్పటికీ దాని తిండి మట్టి మూకుడులోనే. ఆ పళ్లెం చప్పుడు వెనక ఎన్నేళ్ల కథ ఉందో మాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఎదిగిన కుక్కను తెచ్చుకునేవారు ఇలాంటివి ఒక్కొక్కటే కనిపెట్టి ఓర్చుకోవాలి.

మట్టి మీద మూత్రం పోయాలన్న సంగతి దానికి తెలియదు. ఆరేళ్ల కుక్కకు ఇంక నేర్పలేమని ఇరుగుపొరుగు అన్నారు. ‘కుక్క తోక వంకర’ అన్న సామెత కూడా వినిపించారు. నిజానికి పిల్లకంటే ఇది తొందరగా నేర్చుకుంది, ఎందుకంటే పెద్ద కుక్క మూత్రం ఆపుకోగలదు, రెండు నెలల పిల్ల ఆపుకోలేదు. పొద్దున్న లేవగానే, తిన్న వెంటనే, రాత్రి పడుకోబోయే ముందు జామచెట్టు కిందికి తీసుకువెళ్లి, పని కాగానే ఉడికించిన కోడి కాలేయం ముక్క శనగపప్పంత పెట్టేవాళ్లం. ఇంట్లో తడిపినప్పుడు ఏమీ అనకుండా తుడిచేవాళ్లం. మూడో వారం చివరికి అదే వచ్చి తలుపు గీరడం మొదలుపెట్టింది. పేరు కూడా అలాగే నేర్పాము. ‘బొట్టూ’ అని పిలవడం, తల తిప్పగానే తినిపించడం. తిట్టేటప్పుడు మాత్రం దాని పేరు వాడకూడదని ఇంట్లో గట్టిగా కట్టుబాటు చేసుకున్నాము, పేరు వినబడితే మంచే జరుగుతుందని దానికి నమ్మకం కుదరాలి కదా.

నేను చేసిన పెద్ద పొరపాటు కూడా చెప్పాలి. వచ్చిన రెండో నెలలో ఒక ఆదివారం, కూరలోని కోడి కాలి ఎముకను ప్రేమ కొద్దీ దానికి వేశాను. ఆ సమయానికి మా ఏడేళ్ల మనవడు దాని దగ్గరికి వెళ్లాడు. అది గుర్రుమంది. నేను కంగారుపడి ఎముకను లాక్కోబోతే దాని పన్ను నా చూపుడువేలికి గీరుకుని రక్తం వచ్చింది. వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లి టీకాలు వేయించుకున్నాను. పెంపుడు కుక్కే కదా, దానికి రేబిస్ టీకా వేసే ఉంది కదా అని ఎవరూ ఊరుకోవద్దని కూడా ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను. ఆ రోజు జరిగిన తప్పులన్నీ మావే. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగులకు గుచ్చుకుంటుంది కనుక అసలు వేయకూడదు. తింటున్న కుక్క దగ్గరికి పిల్లవాణ్ని వెళ్లనివ్వకూడదు. ఏళ్ల తరబడి బోనులో ఇతర కుక్కలతో తిండికి పోటీపడ్డ జీవి నోటి దగ్గరి నుంచి లాక్కోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గుర్రుమన్నందుకు దాన్ని కొట్టకూడదు. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. దెబ్బలకు భయపడి హెచ్చరించడం మానేసిన కుక్క ఇంక తిన్నగా కరుస్తుంది. ఆ తర్వాత నెల రోజులపాటు మేము దాని దగ్గర ఉన్నది ఏదైనా తీసుకోవాలంటే అంతకంటే మంచిది చూపించి మార్చుకోవడం నేర్చుకున్నాము. చెప్పు ఇస్తే గుడ్డు ముక్క, గుడ్డ ఇస్తే కాలేయం ముక్క. ఇప్పుడు అదే ఏదైనా నోట కరుచుకుని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి నిలబడుతుంది. మనవడికి కూడా ఒక నియమం పెట్టాము: బొట్టు దగ్గరికి నువ్వు వెళ్లకూడదు, అదే నీ దగ్గరికి రావాలి. వాడు దాన్ని ఇప్పటికీ తప్పలేదు.

ఇక పందికొక్కుల విషయం కొంచెం వివరంగా రాయవలసి ఉంది, ఎందుకంటే మన ఊళ్లలో టెర్రియర్‌ను పెంచేవారికి ఇది తప్పించుకోలేని సమస్య. మన పందికొక్కు అన్న మాటే ఇంగ్లీషులోకి వెళ్లి ‘బాండికూట్’ అయ్యిందని నేను బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. 2023 వానాకాలంలో ఆ పందికొక్కు మా పెరట్లో సంపు పక్కన కన్నం పెట్టింది. మాకు తెలియకముందే బొట్టుకు తెలిసింది. రెండు పూటలు అదే చోట తల వాల్చి చెవులు ముందుకు పెట్టి కదలకుండా నిలబడింది. మూడో రోజు పొద్దున్న నేను కాఫీ కలుపుకుని బయటికి వచ్చేసరికి ముందరి కాళ్లు రెండూ చక్రాల్లా తిరుగుతున్నాయి, మట్టి వెనక కాళ్ల మధ్య నుంచి ధారగా ఎగిరి గోడకు కొడుతోంది, తల భుజాల వరకు నేలలో ఉంది. దివాన్ కింద వణికిన కుక్క ఇదేనా అనిపించింది. అప్పటిదాకా నేను దాని ముఖంలో అంత సంతోషం చూడలేదు. మా వారు తిట్టబోయి ఊరుకున్నారు.

అయితే ఆ సంతోషం వెనక రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి ఎలుకల మూత్రం ద్వారా, ముఖ్యంగా వాన నీళ్లలో, వ్యాపించే లెప్టోస్పైరోసిస్. ఇది కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది, కుక్క నుంచి మనుషులకూ రావచ్చు. కుక్కలకు ఏటా వేయించే ఉమ్మడి టీకాలో దీని భాగం ఉన్నదో లేదో అడిగి మరీ వేయించాలి. రెండోది ఎలుకల మందు. పక్కింటివారు పెట్టిన మందు బిళ్లను బొట్టు వాసన చూస్తుండగా అదృష్టవశాత్తూ నా కంటపడింది. బ్రోమడయోలోన్ అనే మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. తిన్న మూడు నాలుగు రోజుల దాకా కుక్క మామూలుగానే ఉంటుంది, ఆ తర్వాత ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. నల్లని పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్‌కు మాత్రం విరుగుడు లేదు, అది కడుపులో విషవాయువుగా మారుతుంది. అందుకని అనుమానం వచ్చిన క్షణంలోనే, లక్షణాలు కనబడేదాకా ఆగకుండా, మందు పొట్లం కాగితంతో సహా పశువైద్యుని దగ్గరికి పరుగెత్తాలి. పక్కింటివారితో మాట్లాడితే వారు మందు మానేసి బోను పెట్టుకున్నారు. కన్నాన్ని గాజు ముక్కలు, సిమెంటు వేసి మూసి, ఆ తవ్వే సరదా తీరడానికి జామచెట్టు కింద మూడడుగుల చదరంలో ఇసుక పోయించి, అందులో పాత టెన్నిస్ బంతులు పాతిపెడుతున్నాము. తవ్వవద్దని దానికి చెప్పలేము, ఎక్కడ తవ్వాలో చెప్పగలిగాము. గేటు కింద నాలుగు వేళ్ల సందును కూడా ఇనుప జాలీతో మూయించాము, టెర్రియర్ తల దూరితే ఒళ్లు దూరినట్టే.

బయటికి తీసుకువెళ్లేటప్పుడు మెడ బెల్టు ఒక్కదానినే నమ్మకూడదు. భయపడి వెనక్కి లాగితే సన్నని తల అందులోంచి ఊడివస్తుంది. రొమ్ము చుట్టూ వేసే హార్నెస్ వాడాలి, తాడు ఎన్నడూ వదలకూడదు. పిలిచిన ప్రతిసారీ వచ్చే కుక్కయినా ఉడుతను చూశాక మన గొంతు వినదు. రోజుకు రెండు పూటలా ముప్పావు గంట నడిపించి, వాసనలు చూసుకునేందుకు దాని ఇష్టానికి నిలబడనిస్తే, ఇంట్లో చెప్పులు కొరకడం, ఊరికే మొరగడం చాలా తగ్గుతాయి. ఎండాకాలంలో పొద్దుటి నడక సూర్యోదయానికి ముందే ముగించాలి. తారు రోడ్డు మీద మన అరచేతిని ఐదు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్క పాదాలను కూడా ఉంచకూడదు.

మందుల ఖర్చు గురించి దాచకుండా చెబుతాను. వచ్చిన తొలి ఏడాదే దానికి పిడుదుల జ్వరం వచ్చింది. పిడుదులను కొన్నిచోట్ల గోమార్లంటారు. గోధుమరంగు పిడుదు కుట్టడం వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా వంటి వ్యాధులు మన ఎండ ప్రాంతాల్లో ఏడాది పొడవునా ఉంటాయి. బొట్టు తిండి మానేసి, మెట్లెక్కలేక, చిగుళ్లు పాలిపోయి కూర్చుంది. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, దానికి 104.6 ఉంది. రక్తంలో ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు పైగా ఉండవలసినవి 42 వేలకు పడిపోయాయి. 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే మందు అన్నంలో కలిపి ఇస్తే కోలుకుంది. రెండో వారానికే హుషారు వచ్చింది కదా అని చాలామంది మందు ఆపేస్తారట, అలా చేస్తే వ్యాధి ఒంట్లో దాక్కుని మళ్లీ తిరగబెడుతుందని వైద్యులు హెచ్చరించారు. అప్పటి నుంచి నెలనెలా పిడుదుల మందు వాడుతున్నాము, పడుకోబోయే ముందు చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, చంకల్లో వెతకడం మా వారి పని. తిండి, మందులు, టీకాలు కలిపి సగటున నెలకు మూడు వేల రూపాయలవుతోంది. ఈ ఖర్చు భరించలేనివారు తొందరపడవద్దని నా మనవి.

గర్భసంచి తీసే ఆపరేషన్ వచ్చిన మూడో నెలలో చేయించాము. చాలా ఈతలు ఈనిన పెద్ద ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది, అది ప్రాణం తీస్తుంది. టెర్రియర్ల విషయంలో కళ్ల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఈ జాతుల్లో కంట్లోని కటకం పట్టు సడలి పక్కకు జారే వంశపారంపర్య జబ్బు ఉంది, అది నడివయసులోనే వస్తుంది. కన్ను ఎర్రబడి, నీలిగా మసకబారి, వెలుగు చూడలేకపోతే అదే రోజు చూపించాలి, మర్నాటికి చూపు పోవచ్చు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి పెట్టకూడదన్నది మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది, పులిహోరలో కిస్‌మిస్ ఉండదు గానీ ప్రసాదం చక్కెరపొంగలిలో ఉంటుందని గుర్తుచేస్తున్నాను.

మమ్మల్ని చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. ఈ వయసులో కుక్కపిల్లను తెచ్చుకుని ముద్దుగా పెంచుకోక, ఎవరో వాడుకుని వదిలేసిన ముసలిదాన్ని ఎందుకు తెచ్చుకున్నారని. ‘ఈ వయసులో’ అన్నందుకే జవాబు చెబుతున్నాను. టెర్రియర్ 14, 15 ఏళ్లు బతుకుతుంది. అరవై నాలుగేళ్ల మనిషి రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే, ఆ కుక్క ముసలిదయ్యేనాటికి తనకు ఎనభై దగ్గరపడుతుంది, అప్పుడు దాన్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఆరేళ్ల కుక్కతో ఆ లెక్క సరిపోతుంది. పైగా ఎదిగిన కుక్క ఎంత బరువుంటుందో, పిల్లలతో ఎలా ఉంటుందో, పిల్లిని చూస్తే ఏం చేస్తుందో, ఒంటరిగా ఉండగలదో లేదో ముందే తెలుస్తుంది. రెండు నెలల పిల్లలో ఇవేవీ కనబడవు. అందుకే పిల్లను కొనుక్కున్నవారిలో చాలామంది ఎనిమిదో నెలలో అది తవ్వడం, వెంటపడటం మొదలుపెట్టగానే బెంబేలెత్తి వదిలించుకుంటున్నారు. ఒక మాట మాత్రం నొక్కి చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉన్నవారు, ప్రేమపక్షులను పెంచుకునేవారు, నడక నేర్చుకుంటున్న పసివాళ్లున్నవారు, పొద్దున్న తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి వచ్చేవారు టెర్రియర్ జోలికి పోకపోవడమే దానికీ వారికీ మంచిది. మేము ఒకసారి పెళ్లికని రాజమండ్రి వెళ్లి, దానికి పరిచయం లేని చోట రెండు రోజులు వదిలితే, తలుపు గీరి గీరి గోళ్లు చీల్చుకుంది. ఆ తర్వాత ఆరు నెలలు ఐదు నిమిషాల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తే ఇప్పుడు నాలుగు గంటలు ఉండగలుగుతోంది.

వీధిలో ఇన్ని కుక్కలు ఆకలితో ఉండగా జాతి కుక్క గోల ఎందుకని కూడా కొందరు అంటారు. వీధికుక్కను ఇంటికి తెచ్చుకునేవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే వీధిలో పుట్టిన కుక్కకు రోడ్డు దాటడం, నీడ వెతుక్కోవడం తెలుసు. బోనులోంచి తెచ్చి ఔటర్ రింగు రోడ్డు పక్కన దింపేసిన టెర్రియర్‌కు అవేవీ తెలియవు, అక్కడి కుక్కలు దాన్ని తమ వీధిలోకి రానివ్వవు.

ఇలా వదిలేయడం నేరమని మన చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరుండేల్ ప్రవేశపెట్టిన బిల్లు కారణంగానే 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది, 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం శిక్షార్హం. మొదటిసారి నేరానికి జరిమానా మాత్రం పది నుంచి యాభై రూపాయలు. ఆనాడు యాభై రూపాయలంటే ఒక చిన్న ఉద్యోగికి పెద్ద మొత్తమే. ఈనాడు కుక్కపిల్లను పాతికవేలకు అమ్మేవారికి అది లెక్కలోకి రాదు. ఈ శిక్షలు పెంచేందుకు 2022లో కేంద్రం ముసాయిదా బిల్లు ప్రకటించి ప్రజాభిప్రాయం కోరింది. దాన్ని ముందుకు నడిపించవలసిందిగా మన ఎంపీలను అడగవలసిన బాధ్యత మన మీద ఉంది. నేను మా ఎంపీకి రాశాను.

హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ వంటి జంతు సంరక్షణ సంస్థలు పని చేస్తున్నాయి, ఊరూరా చిన్న చిన్న కేంద్రాలూ ఉన్నాయి. అలాంటి చోట్ల ఎదిగిన కుక్కలు ఎదురుచూస్తున్న సంగతి వాటి గేటు దాకా వెళ్లినవారికే తెలుస్తుంది. మేము కూడా దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లకపోయి ఉంటే బొట్టు మాకు కనబడేది కాదు. కనుక సంపాదకులకు నా విన్నపం రెండు భాగాలుగా ఉంది. మొదటిది, కుక్కపిల్లల అమ్మకం ప్రకటన తీసుకునేటప్పుడు పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో పొందిన నమోదు సంఖ్యను అడగండి, ఎనిమిది వారాలు నిండని పిల్లల ప్రకటనను తిప్పి పంపండి. రెండోది, నెలకు ఒక ఆదివారమైనా అదే పేజీలో ఎదిగిన కుక్కలకు నాలుగంగుళాల చోటు ఉచితంగా ఇవ్వండి. ఫొటో లేకపోయినా ఫరవాలేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. నమూనాగా, 2022 జూన్‌లో ఎవరైనా రాసి ఉంటే బాగుండునని నేను ఇప్పుడు అనుకునే ప్రకటనను కింద ఇస్తున్నాను.

‘ఆడ టెర్రియర్. వయసు సుమారు ఆరేళ్లు. తెలుపు, నుదుట గోధుమరంగు మచ్చ. బరువు ఐదు కిలోలు, ఇంకా పెరగాలి. రేబిస్ టీకా అయింది, ఆపరేషన్ కావలసి ఉంది. ఇంట్లో ఎన్నడూ ఉండలేదు, మెట్లు ఎక్కడం రాదు. మట్టి తవ్వుతుంది. పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వబడదు. గిన్నెల చప్పుడుకు భయం. పెరడు, ఓపిక ఉన్నవారి ఇల్లు కావలెను.’

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్